తొమ్మిదీ నలభై ఏడుకి చింపిన ట్యాగులు

గురువారం పొద్దున విమానం చక్రాలు నేలకు తగిలేసరికి ఎనిమిదీ నలభై ఎనిమిది. భూషణం చేతిగడియారం చూసి, జేబులోని చిన్న పుస్తకం తీసి ఆ అంకె వేసుకున్నాడు. వాన తెరిపివ్వడం లేదు. సామాన్ల షెడ్డు రేకుల మీద ఒకటే మోత. మంగళవారం పొద్దున కూడా ఇలాగే కురిసిందని లోడరు పెద్దబ్బాయి చెప్పాడు.

భూషణం పోర్ట్ బ్లెయిర్ హార్బరు సిగ్నల్ స్టేషన్‌లో ఇరవై రెండేళ్ళపాటు ఓడలు వచ్చే వేళా పోయే వేళా నిమిషాలతో సహా రాసిన మనిషి. ఆ ఉద్యోగం వదిలేసి ఫీనిక్స్ బే జెట్టీ ఎదుట 'ప్రైవేటు విచారణలు' అని బోర్డు కట్టుకున్నాడు గానీ, నిమిషాల పిచ్చి మాత్రం వదల్లేదు. పోలీసులు ఆ బోర్డు చూసి నవ్వుకుంటారని అతనికి తెలుసు. నవ్వితే నవ్వనీ అని ఇన్నాళ్ళూ ఊరుకున్నాడు. ఈ రెండు రోజులుగా మాత్రం ఎవరు నవ్వినా ఒళ్ళు మండిపోతోంది. దానికి కారణం తాతమ్మ.

బాంబూఫ్లాట్‌లో చేపలమ్ముకు బతికే తాతమ్మ మంగళవారం సాయంత్రం ఫెర్రీ దిగి, సరాసరి వచ్చి భూషణం వసారాలో కూర్చుంది. అప్పటినుంచి లేవలేదు, పెట్టింది తినలేదు. ఈ పొద్దున అతను గొడుగు తీసుకుని బయలుదేరుతుంటే చెయ్యి పట్టుకుంది.

"నా కొడుకు సంపలేదు బాబూ. ఆ టీచరమ్మ సేతి కూడు సిన్నప్పుట్నించీ తిన్నాడు ఆడు. సంపినోడైతే నానే నీకు సెప్పేద్దును" అంది.

ఆ టీచరమ్మ పేరు సీతారత్నం. అరవై ఒకటిలో టీచరుగా ఈ ద్వీపానికి వచ్చి, ఇరవై ఆరేళ్ళు ఇక్కడే పిల్లలకు అక్షరాలు దిద్దించి, డిగ్నాబాద్‌లో సొంత ఇల్లు కట్టుకున్న మనిషి. మంగళవారం తొమ్మిదీ పదికి కుళాయి ఆగిపోతే పక్కింటి యర్రమ్మను కేకేసి, నీళ్ళు పట్టుకున్నావా అని అడిగింది. తొమ్మిదీ ముప్పై అయిదుకి అదే యర్రమ్మ గుమ్మంలోకి వస్తే, సీతారత్నం వంటింట్లో తల పగిలి పడి ఉంది. పక్కన రుబ్బురోలు పొత్రం ఉంది. చేపలిచ్చేందుకు వచ్చిన తాతమ్మ కొడుకు నూకన్న ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తున్నాడు. వాడి చేతులనిండా నెత్తురు. పోలీసులకు అంతకన్నా ఏం కావాలి? ఈ సాయంత్రం నాలుగున్నరకు వాణ్ణి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి, నేనే చంపానని చెప్పించి, కాగితం మీద రాయిస్తారు. ఆ తర్వాత తాతమ్మ ఎన్నాళ్ళు వసారాలో కూర్చున్నా ఒకటే.

విమానం వెనక తలుపు ఎనిమిదీ యాభై నాలుగుకి తెరుచుకుంది. మొదట దిగిన ఆసామీ చేతిలో చిన్న సంచీ ఒక్కటే ఉంది. భూషణం అతని మీద కన్ను వేసి ఉంచాడు. పర్మిట్ ముద్ర కోసం బారు తీరిన విదేశీయుల పక్కనుంచి, సామాను తెచ్చే ట్రాక్టరు ఎప్పుడొస్తుందా అని మెడలు సాచిన జనం పక్కనుంచి నడిచి, ఆ మనిషి రోడ్డు మీద టాక్సీ ఎక్కేసరికి ఎనిమిదీ యాభై ఎనిమిది. సామాను కోసం నిలబడ్డవాళ్ళలో ఆఖరి మనిషి గేటు దాటేసరికి తొమ్మిదీ నలభై నాలుగు.

"సామాను లేపోతే ఇక్కడ ఆపేటోడు ఎవుడున్నాడు సాబ్? ఇటు దిగినాడు, అటు ఎలిపోనాడు" అన్నాడు పెద్దబ్బాయి, తలగుడ్డ పిండుకుంటూ.

అక్కడినుంచి డిగ్నాబాద్‌కు టాక్సీలో పది పన్నెండు నిమిషాలు. మంగళవారం విమానం ఎనిమిదీ యాభైకి దిగింది. భూషణం కాగితం మీద కూడుకుని చూశాడు. చేతిసంచీతో దిగినవాడు తొమ్మిదీ పదిహేనుకి సీతారత్నం వంటింట్లో ఉండగలడు. ఆ విమానంలో సీతారత్నం తమ్ముడి కొడుకు పున్నయ్య వచ్చాడు. ఆవిడ ఆ రోజు పదకొండింటికి తన ఇంటిని ఆడపిల్లల హాస్టలుకి రాసిచ్చేందుకు రిజిస్ట్రీ ఆఫీసుకు వెళ్ళాల్సి ఉంది. ఆవిడకు పున్నయ్య తప్ప వారసులెవరూ లేరు.

అడ్డు వచ్చేవి రెండే రెండు ట్యాగులు. మద్రాసులో పున్నయ్య టికెట్టు మీద రెండు సామాన్లు ఎక్కాయి. వాటి నంబర్లు నాలుగువందల పద్దెనిమిది, పందొమ్మిది. నెల క్రితం ఒకరి సూట్‌కేసు ఇంకొకరు పట్టుకుపోయిన దగ్గరనుంచి, గేటు దగ్గర గార్డు ట్యాగు సగం చించి దాని మీద వేళ రాసి దాస్తున్నాడు. ఆ రెండు సగాల మీదా తొమ్మిదీ నలభై ఏడు అని ఉంది.

"మంగళవారం నాలుగువందల పద్దెనిమిది నంబరు సామాను ఏమిటో గుర్తుందా పెద్దబ్బాయ్?"

"గుర్తులేకేం? చార్ సౌ అఠారా మామిడిపళ్ళ బుట్ట. పైన పాత చీర కుట్టేసి ఉంది. అడుగుపళ్ళు చితికి రసమంతా నా సొక్కా మీద కారింది. చార్ సౌ ఉన్నీస్ రేకుపెట్టె. రెండూ ఒకలియ్యే."

"ఎవరు తీసుకెళ్ళారు?"

పెద్దబ్బాయి నోరు తెరిచాడు. అంతలో గేటు దగ్గర పోలీసు జీపు ఆగింది. తెరిచిన నోరు అలాగే మూసుకుని, "మాలూమ్ నహీ సాబ్" అని ట్రాలీ వైపు పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు.

జీపులోంచి ఇన్‌స్పెక్టర్ వీరరాఘవయ్య దిగాడు. క్రితం ఏడాది జెట్టీ టికెట్ల దొంగను అతనికన్నా రెండు రోజుల ముందు భూషణం పట్టిచ్చాడు. ఆ సంగతి పేపర్లో పడ్డప్పటినుంచి ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది.

"ఏం భూషణంగారూ, ఓడలు చాలలేదా? విమానాలు కూడా లెక్కపెడుతున్నారు?"

"మీరు లెక్కపెట్టలేదు కదా ఇన్‌స్పెక్టర్‌గారూ, ఎవరో ఒకరు పెట్టాలి."

"నేను పెట్టాను. తొమ్మిదీ నలభై ఏడు. మన గార్డు గవరయ్య దస్తూరీ. ఆ వేళకు పున్నయ్య ఈ గేటు దగ్గర ఉన్నాడు. టీచరమ్మ అప్పటికే పోయింది. ఇంకేం కావాలి మీకు?"

"తొమ్మిదీ నలభై ఏడుకి సామాను గేటు దాటింది. పున్నయ్య దాటాడని గవరయ్య రాశాడా?"

"ట్యాగులు వాటంతటవి నడిచిపోతాయా?"

"పోవు. వాటిని పట్టుకున్న చెయ్యి ఒకటి ఉంటుంది. అది ఎవరిదో మీరు అడిగారా?"

వీరరాఘవయ్య మొహం ఒక్క క్షణం రంగు మారింది. కోపమే అనుకున్నాడు భూషణం. గేటు పక్క స్టూలు మీద కూర్చున్న గవరయ్య మాత్రం తల ఎత్తకుండా తన బూట్ల వైపే చూస్తున్నాడు.

"నూకన్న ఒప్పుకున్నాడు. ఆ ముసలిదాన్ని ఫెర్రీ ఎక్కించి బాంబూఫ్లాట్ పంపెయ్యండి, పుణ్యముంటుంది" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఎన్ని దెబ్బలకు ఒప్పుకున్నాడు?"

"మాట జాగ్రత్త!"

జీపు బురద చిమ్ముకుంటూ వెళ్ళిపోయింది. గవరయ్య దగ్గరకు వెళ్ళి అడిగితే, మేం నంబరు చూస్తాం గానీ మొహాలు చూడం అన్నాడు. ఆ మాటన్నప్పుడు కూడా తల ఎత్తలేదు.

డిగ్నాబాద్ వెళ్ళే టాక్సీలో భూషణం మనసు ఒక్క చోట నిలవలేదు. ఈ ద్వీపంలో పుట్టిపెరిగిన ఎవరిని అడిగినా చెబుతారు. మద్రాసులో విమానం ఎక్కేటప్పుడు తలకు ఇరవై కిలోలు. ద్వీపం మనిషి వట్టి చేతులతో మద్రాసు నుంచి రాడు. మామిడిపళ్ళు, మునక్కాడలు, కరివేపాకు, పెళ్ళిచీరలు అన్నీ మోసుకొస్తాడు. బరువెక్కువైతే క్యూలో వెనక్కీ ముందుకీ చూస్తాడు. చేతిసంచీతో నిలబడ్డ తెలిసిన మొహం కనిపిస్తే, భయ్యా ఈ పెట్టె నీ పేర వేయించవా అంటాడు. కాదన్నవాడు ఇంతవరకు లేడు. భూషణమే ఒకసారి ఎవరిదో కుట్టుమిషను తన పేర తెచ్చాడు. కాగితం మీద సామాను ఒకరిది, అసలు సామాను ఇంకొకరిది. ఇక్కడ ఇరవై ఏళ్ళుగా కాపురముంటున్న వీరరాఘవయ్యకు ఈ సంగతి తెలియదా? ఎందుకు తట్టలేదు? ఆ ప్రశ్న భూషణాన్ని చెప్పులో రాయిలా గుచ్చుతూనే ఉంది.

పున్నయ్య మేనత్త ఇంటి ముందుగదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. మద్రాసులో ఏదో కంపెనీ గుమస్తా. భూషణాన్ని చూసి లేవలేదు.

"పోలీసులకు అంతా చెప్పాను."

"నాకూ కాస్త చెప్పండి. విమానంలో ఏ సీటు మీది?"

"చివరి వరస."

"ఇచ్చారా, అడిగి తీసుకున్నారా?"

"గుర్తులేదు."

"వెనక తలుపు పక్కనే. మొదట దిగింది మీరే అయుండాలి. బయటికెప్పుడొచ్చారు?"

"తొమ్మిదీ నలభై ఏడు." తడుముకోకుండా చెప్పాడు.

"గడియారం చూసుకున్నారా?"

"ఇన్‌స్పెక్టర్‌గారు చెప్పా..." పున్నయ్య మాట మార్చాడు. "అంటే, ఆయన ట్యాగులు చూసి చెప్పారు. నేను అవునన్నాను."

భూషణం పుస్తకంలోంచి తల ఎత్తాడు. "ముందు ఆయన చెప్పారు. తర్వాత మీరు అవునన్నారు. అంతేనా?"

పున్నయ్య మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. భూషణానికి అప్పుడు అర్థమైంది. ఈ మనిషి అబద్ధం అల్లుకుని రాలేదు. ఎవరో వచ్చి అబద్ధం చేతిలో పెడితే పుచ్చుకున్నాడు.

"సామాన్లో ఏముంది?"

"బట్టలు. పుస్తకాలు."

"పళ్ళు లేవా?"

"లేవు."

"ఆ పెట్టెలు ఒకసారి చూపిస్తారా?"

"అత్త దినాలు కూడా కాలేదు. మీకు నా బట్టలు కావాల్సొచ్చాయా? లేవండి, బయటికి నడవండి!"

భూషణం లేచాడు. వంటింటి గుమ్మం దగ్గర సీతారత్నం కళ్ళజోడు గోడ మేకుకు తగిలించి ఉంది. బళ్ళో పిల్లలు ఆవిడను చూస్తే భయపడేవారు గానీ, జ్వరమొస్తే ఆవిడ ఇంటికే వచ్చి పడుకునేవారు. భూషణం కూతురు కూడా అలా పడుకున్నదే.

బయట యర్రమ్మ తన అరుగు మీద కూర్చుని ఉంది.

"పున్నయ్య వచ్చి రెండు రోజులైంది కదా అమ్మా. మీకేమైనా ఇచ్చాడా? మామిడిపండో, కరివేపాకు రెబ్బో?"

"ఏటిచ్చాడు బాబూ! పదిగంటలేళప్పుడు టేక్సీ దిగినాడు. సేతిసంచీ ఒక్కటే. పెట్టి లేదు, బుట్ట లేదు. అత్తా అత్తా అని ఏడుస్తా లోనికెల్లిపోనాడు. సావింటి మనిషిని ఏం తెచ్చావని అడుగుతామా?"

రెండు సామాన్లు, అందులో ఒకటి బుట్టెడు మామిడిపళ్ళు. డిగ్నాబాద్‌లో ఒక్కరికీ ఒక్క పండు చేరలేదు. భూషణానికి ఇక అనుమానం లేదు. ఆ పళ్ళు ఇంకో ఇంట్లో ఉన్నాయి. ఆ ఇల్లెవరిదో తెలిస్తే, నాలుగున్నరలోగా ఆ మనిషి నోరు విప్పితే, నూకన్న బతుకుతాడు.

పెద్దబ్బాయి డ్యూటీ రెండున్నరకు దిగింది. విమానాశ్రయం ఎదుటి టీకొట్లో, అందరికీ వీపు తిప్పి కూర్చుని ఉన్నాడు. భూషణం వచ్చి పక్కన కూర్చోగానే లేవబోయాడు.

"కూర్చో. నీ పేరు ఎక్కడా రాయను. పొద్దున చెప్పబోయి ఆగావు."

"పిల్లలుగలోణ్ణి సాబ్."

"నూకన్న కూడా ఒకరి పిల్లాడే. వాళ్ళమ్మ రెండు రోజులుగా నా వసారాలో ఉంది."

పెద్దబ్బాయి వెనక్కి తిరిగి ఒకసారి రోడ్డు చూశాడు. గొంతు తగ్గించి అన్నాడు. "పోలీస్ లైన్, మూడో క్వార్టర్. జీపులో నేనే ఎక్కించినా, నేనే దించినా. ఆ ఇంటి దీదీ ఆ పిలైన్‌లోనే ఒచ్చింది. ఇన్‌స్పెక్టర్ సాబ్ యూనిఫారంలో ఒచ్చి, ట్యాగులు ఆయనే గవరయ్య సేతికిచ్చినాడు."

భూషణం చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. మూడో క్వార్టరు వీరరాఘవయ్యది. వట్టి చేతులతో నిలబడ్డ పున్నయ్య పేర సామాను వేయించినది ఇన్‌స్పెక్టర్ భార్య సత్యవాణి. తొమ్మిదీ నలభై ఏడుకి ఆ ట్యాగులు పట్టుకున్న చెయ్యి ఇన్‌స్పెక్టర్‌దే. తన ఇంటి మామిడిపళ్ళ నంబరుతో హంతకుడికి తనే అడ్డుగోడ కట్టిపెట్టాడు.

తెలియక కట్టాడా? తెలిసి కట్టాడా? తెలియక కట్టి ఉంటే బాగుండునని భూషణం నిజంగానే కోరుకున్నాడు. పగ ఎంత ఉన్నా, అంత నీచం అతను ఊహించలేకపోయాడు.

మూడో క్వార్టరు తలుపు తట్టేసరికి నాలుగు కావడానికి పది నిమిషాలు తక్కువ. గుమ్మం తెరుచుకోగానే పండిన మామిడి వాసన కొట్టింది. సత్యవాణికి నలభై ఏళ్ళుంటాయి. నిద్ర లేక కళ్ళు గుంటలు పడ్డాయి.

"నా పేరు భూషణం అమ్మా."

"తెలుసు అన్నయ్యగారూ. ఆయన రోజూ మిమ్మల్ని తిడుతూనే ఉంటారు. లోపలికి రండి."

బుట్ట మూల ఉంది. కుట్టిన చీర విప్పలేదు. అడుగున చీమలు పట్టాయి. పిడికి ట్యాగు ముక్క ఇంకా వేలాడుతోంది. భూషణం వంగి నంబరు చూశాడు. చూడకపోయినా తెలుసు.

"నావే. పెట్టె కూడా నాదే" అంది సత్యవాణి, అతను అడగకముందే. "బరువెక్కువైందంటే, ఆ పున్నయ్య వెనక నిలబడి ఉన్నాడు. మన తెలుగాయనే, డిగ్నాబాద్ అన్నాడు. అడిగితే వేయించాడు. ట్యాగులు నా చేతిలో పెట్టేశాడు. దిగాక కనిపిస్తే ఒక పది పళ్ళు ఇద్దామని చూశాను. ఎక్కడా లేడు. అందరికన్నా ముందే వెళ్ళిపోయాడు."

"ఆ మాట మీరు మేజిస్ట్రేటుగారి ముందు చెబితే నూకన్న బయటపడతాడు తల్లీ. మీవారికి ఈ సంగతి..."

"మంగళవారం సాయంత్రమే చెప్పాను."

భూషణం బుట్ట దగ్గరనుంచి లేచి ఆవిడ వైపు తిరిగాడు.

"ఫైలు తెచ్చుకుని ఇక్కడే రాసుకుంటున్నారు. ఆ నంబర్లు నా కంటపడ్డాయి. ఇవి మన సామానువి కదా అన్నాను. ఆయన కలం పట్టుకుని అలాగే ఉండిపోయారు. అన్నం తినలేదు. అప్పటినుంచి ఆ బుట్ట ముట్టుకోవద్దన్నారు, పారెయ్యమనీ అనలేదు."

"మరి ఎందుకు వదల్లేదు నూకన్నని?"

జవాబు గుమ్మంలోంచి వచ్చింది. వానమోతలో జీపు ఆగిన చప్పుడు ఇద్దరికీ వినిపించలేదు. వీరరాఘవయ్య తడిసిన టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అప్పటికే వాడి చెయ్యి విరిగింది గనక." పొద్దుటి గొంతు కాదది. "ఒప్పుకోమని కొడుతుంటే విరిగింది. నిర్దోషి అని వదిలేస్తే ఆ చేతికి జవాబు ఎవరు చెబుతారు భూషణంగారూ? మీరు చెబుతారా? నా నలుగురు కానిస్టేబుళ్ళు చెబుతారా?"

"మీరు చెప్పాలి. నాలుగున్నరకు ఇంకా టైముంది. నాతో రండి, ఇద్దరం వెళ్దాం."

"లేదు. మూడింటికే హాజరుపరిచేశాను. కాగితం అయిపోయింది. వాడు వేలిముద్ర వేశాడు."

సత్యవాణి మొగుడి మొహంలోకి చూసింది.

"ఏ చేత్తో వేశాడండీ?" అంది.

వీరరాఘవయ్య టోపీ చేతిలో అటూ ఇటూ తిప్పాడు. ఆవిడ ఇంకాసేపు చూసి, దండెం మీది తువ్వాలు తలమీద వేసుకుంది. బుట్ట పిడికి ఉన్న ట్యాగు ముక్క విప్పి కొంగున ముడేసుకుంది.

"మేజిస్ట్రేటుగారు ఎంతవరకు ఉంటారు అన్నయ్యగారూ?"

"ఐదింటివరకు."

"వాణీ, నువ్వు వెళితే నా ఉద్యోగం ఒక్కటే కాదు, నన్నే లోపల వేస్తారు. తెలుస్తోందా నీకు?"

"తెలుస్తోంది. రెండు రోజులుగా తెలుస్తూనే ఉంది. మీరే వెళ్తారని చూశాను." ఆవిడ గుమ్మం వైపు నడిచింది. "పక్కకి జరగండి."

అతను జరిగాడో, ఆవిడే ఒరుసుకుంటూ వెళ్ళిందో భూషణానికి తెలియలేదు. మెట్లు దిగేసరికి ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. కోర్టుకి నడక ఇరవై అయిదు నిమిషాలు. అతని గడియారంలో నాలుగూ పన్నెండు. బురదకి జారుతోందని సత్యవాణి చెప్పులు తీసి చేత్తో పట్టుకుంది. పోలీసు లైన్లో కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఎవరూ పలకరించలేదు.

మలుపు దగ్గరకు వచ్చేసరికి వెనక జీపు స్టార్టయింది. గేరు మార్చిన చప్పుడు, ఆ తర్వాత వేగం అందుకున్న చప్పుడు. అక్కడ ఒక పక్క గోడ, ఇంకో పక్క సముద్రం మీదికి వాలిన గట్టు. తప్పుకోవడానికి చోటు లేదు. భూషణం ఆవిడను గోడ వైపుకి నెట్టి తను రోడ్డు వైపుకి జరిగాడు.

"ఆయనే నడుపుతున్నారు. డ్రైవరు ఇంత జోరుగా నడపడు. ఆపితే ముగ్గురం కలిసే వెళ్దాం" అంది సత్యవాణి. అని, తలమీది తువ్వాలు సర్దుకుని, రోడ్డు మధ్యకు వచ్చి జీపుకి ఎదురుగా నిలబడింది.